ఇక, ఇంకా: ఒక దీపం, ఒక మీటరు, 17 ఫర్దర్‌లు

"డు నాట్ మూవ్ ద ల్యాంప్ ఎనీ ఫర్దర్."

ఈ ఒక్క వాక్యం వల్ల ఆ మాన్యువల్ నా దగ్గరికి వచ్చింది. నేను టెక్నికల్ డాక్యుమెంట్లకు భాష సరిచూసే ఎడిటర్‌ని. మాన్యువల్ దేని గురించంటే, వెలుతురు కొలిచే ఒక చిన్న మీటరు గురించి. వాడకం మొదలుపెట్టే ముందు దాని ఎదురుగా ఒక దీపం పెట్టి రీడింగ్ సరిచూసుకోవాలి. రాసినామెకు టెక్నికల్ రైటర్‌గా నాలుగేళ్ల అనుభవం ఉంది. గ్రామర్‌లో వంక పెట్టడానికి ఏమీ లేదు. కామాలు కూడా ఉండాల్సిన చోటే ఉన్నాయి.

దీపానికీ మీటరుకీ మధ్య 2 మీటర్లు దాటకూడదు. ఆమె చెప్పదలుచుకున్నది అదే, అంతకంటే దూరం జరపొద్దని. ట్రయల్‌కి కూర్చున్న మనిషి మాత్రం దాన్ని "దీపాన్ని ఇక కదపొద్దు" అని చదువుకున్నాడు. అప్పటికే దీపం 3 మీటర్ల దూరంలో ఉంది. దగ్గరికి లాగాల్సిన దాన్ని ఉన్నచోటే వదిలేసి, రీడింగ్ సరిగా రావట్లేదని రాసి పంపాడు. మీటరులోనే లోపం ఉందేమోనని టీమ్ అంతా రెండు రోజులు టెన్షన్ పడ్డారు. విప్పి చూశారు, బ్యాటరీ మార్చి చూశారు. చివరికి ఎవరో ఆ వాక్యాన్ని పైకి చదివితే విషయం బయటపడింది.

ఆ తర్వాత ఆమె చేసిన పనితో కేసు మరింత చిక్కుపడింది. నెట్‌లో వెతికితే ఒక్క లైన్ రూల్ దొరికింది: దూరం గురించైతే ఫార్దర్, మిగతావాటికి ఫర్దర్. మాన్యువల్ అంతా దీపం ఎంత దూరంలో పెట్టాలన్న గొడవే కాబట్టి, అన్నీ ఫార్దర్‌లే అయ్యుండాలనుకుంది. రీప్లేస్ ఆల్ నొక్కింది. ఉన్న 17 ఫర్దర్‌లూ ఒక్క దెబ్బకి ఫార్దర్‌లైపోయాయి. నాకు వచ్చిన కాపీలో "అన్‌టిల్ ఫార్దర్ నోటీస్" ఉంది, "ఫర్ ఫార్దర్ ఇన్ఫర్మేషన్, సీ పేజ్ 22" ఉంది. ఒకచోట ఫర్దర్‌మోర్ కాస్తా ఫార్దర్‌మోర్ అయి కూర్చుంది. ఇన్నేళ్లలో ఆ మాటను నేను అచ్చులో చూడటం అదే మొదటిసారి.

నా మొదటి అంచనా

ఆమెకు రూల్ సరిగా తెలియదు, తెలిస్తే సరిపోతుంది అనుకున్నాను. చాలామంది టీచర్లు, ఎడిటర్లు చేసే పొరపాటే నేనూ చేశాను. పది వాక్యాల వర్క్‌షీట్ ఒకటి తయారుచేసి పంపాను. బంతి ఎవరు ఎక్కువ దూరం విసిరారు, చర్చను ఎవరు ముందుకు తీసుకెళ్లారు, ఇలాంటివి. పదికి పది సరిగా రాసి పంపింది. కేసు ముగిసిందనుకున్నాను.

వారం తర్వాత అదే మాన్యువల్‌కి ఆమె కొత్తగా రాసిన రెండు పేజీలు వచ్చాయి. అందులో "ఇఫ్ ద రీడింగ్ డ్రాప్స్ ఫార్దర్" అని ఉంది. రీడింగ్ పడిపోవడం దూరం కాదు కదా, ఫార్దర్ ఎలా వచ్చింది అని ఫోన్ చేసి అడిగాను.

"పడిపోతుంది కదండీ, కిందికి. కింద అంటే దూరమే కదా?"

ఆ మాట విన్నాక నా వర్క్‌షీట్ ఎందుకు పనిచేయలేదో అర్థమైంది. వర్క్‌షీట్‌లో దూరం అంటే దూరమే, చర్చ అంటే చర్చే. రాసేటప్పుడు అవి అలా విడివిడిగా రావు. మన భాషలోనే చూడండి. గొడవ చాలా దూరం పోయింది అంటాం. ఎవరూ అడుగు కదపలేదు. మాట ఇక్కడిదాకా వచ్చింది అంటాం. ఆమె సులోచనాల అవతలి నుంచి చూస్తే మాన్యువల్‌లో ప్రతిదీ కదులుతోంది: రీడింగ్ దిగుతోంది, పని ముందుకు సాగుతోంది, సమాచారం 22వ పేజీలో అవతల ఎక్కడో ఉంది. అన్నిట్లోనూ దూరం కనిపించింది. ఆమె తర్కంలో తప్పు లేదు. ఇంగ్లిష్ కూడా ఆ పోలికలనే వాడుతుంది. కాకపోతే పోలికగా వాడిన దూరానికి ఫర్దర్ అంటుంది, కాళ్లతో నడిచే దూరానికి ఫార్దర్ అంటుంది.

తెలుగులో పక్కన రాయించడం

రెండోసారి వర్క్‌షీట్ జోలికి పోలేదు. 17 వాక్యాలనూ ఒక పట్టికలో పెట్టి, ప్రతి వాక్యం పక్కన తెలుగులో ఏమంటారో రాయమన్నాను. అనువాదం చేయొద్దు, పక్కనున్న మనిషికి చెబుతున్నట్టు రాయమన్నాను.

మొదటిసారి రాసి పంపినప్పుడు దాదాపు అన్నిట్లో ఒకటే మాట ఉంది: ఇంకా. ఇంకా దూరం, ఇంకా తగ్గితే, ఇంకా సమాచారం కావాలంటే, ఇంకా చెప్పాలంటే. చిక్కు ఇక్కడుందన్నమాట. మన ఇంకా ఒక్కటే ఇన్ని పనులూ చేస్తుంది, ఎక్కడా అడ్డు తగలదు. అందుకే ఇంగ్లిష్‌లో దానికి రెండు గదులు ఉండొచ్చన్న అనుమానం కూడా రాదు.

అయితే దీపం వాక్యం దగ్గర ఒక తమాషా జరిగింది. అక్కడ మాత్రం ఆమె రెండు తెలుగు వాక్యాలు రాసి, మధ్యలో ప్రశ్నార్థకం పెట్టింది.

దీపాన్ని ఇంకా దూరం జరపొద్దు.
దీపాన్ని ఇక జరపొద్దు.

ఇంకాకీ ఇకకీ మధ్య తేడా చిన్నదే. కానీ మొదటి వాక్యం ప్రకారం దీపాన్ని దగ్గరికి తేవొచ్చు, రెండో వాక్యం ప్రకారం ముట్టుకోకూడదు. ట్రయల్ చేసిన మనిషి ఇక అని చదువుకున్నాడు, ఆమె ఇంకా అని రాసింది. ఇంగ్లిష్ ఫర్దర్‌లో ఇవి రెండూ ఒకే చొక్కా వేసుకుని ఉన్నాయి. తెలుగులో పెట్టగానే విడిపోయాయి. రెండు రోజులు మీటరు విప్పి చూసిన టీమ్‌లో ఒక్కరు ఈ పని చేసుంటే ఐదు నిమిషాల్లో తేలిపోయేది.

అక్కడినుంచి పని సులువైంది. ప్రతి ఇంకా పక్కనా ఒక ప్రశ్న రాయమన్నాను: టేపు పట్టి కొలవగలమా? దీపం నుంచి మీటరు దాకా టేపు పట్టొచ్చు, ఫార్దర్. పడిపోతున్న రీడింగ్‌కి టేపు పట్టలేం, ఫర్దర్. 22వ పేజీలోని సమాచారానికి టేపు పట్టేదేమీ లేదు, అక్కడ ఫర్దర్ అంటే అదనపు అని అర్థం. క్రియగా వచ్చిన చోట, అంటే ఒక పనిని ముందుకు నడిపించడం అన్న అర్థంలో, ఆలోచించాల్సిన పనే లేదు, ఎప్పుడూ ఫర్దరే. వాక్యం మొదట్లో "అంతేకాక" అన్నట్టు వచ్చినా ఫర్దరే.

17లో 5 టేపుకి లొంగాయి. 9 లొంగలేదు. మిగిలిన 3 సంగతి తర్వాత చెబుతాను, వాటి దగ్గర నేనూ తడబడ్డాను.

ఈ వాక్యాలన్నిటిలో నాకు బాగా నచ్చింది, ఆమె తనంతట తాను రాసినది ఒకటుంది. దీపం దూరం జరిగేకొద్దీ వెలుతురు ఎంత తగ్గుతుందో చెప్పే పేరా అది. చిన్న దీపం, చుట్టూ వెలుతురును తిప్పికొట్టే గోడలు, అద్దాలు లేవనుకుంటే, దూరం రెండింతలైతే మీటరు మీద పడే వెలుతురు నాలుగో వంతుకు పడిపోతుంది. మూడింతలైతే తొమ్మిదో వంతు. 1 మీటరు దగ్గర 400 లక్స్ (వెలుతురును కొలిచే ప్రమాణం) చూపించే దీపం 2 మీటర్ల దగ్గర 100 లక్స్, 4 మీటర్ల దగ్గర 25 లక్స్ చూపిస్తుంది. పట్టిక కింద ఆమె ఇలా రాసింది:

"యాజ్ ద ల్యాంప్ మూవ్స్ ఫార్దర్ అవే, ద రీడింగ్ డ్రాప్స్ ఫర్దర్."

దీపం జరిగేది నేల మీద, అది ఫార్దర్. రీడింగ్ తగ్గేది తీవ్రతలో, అది ఫర్దర్. రెండు మాటల మధ్య తేడాని ఇంతకంటే బాగా చూపించే ఉదాహరణ నేను తయారుచేయలేను. నా వర్క్‌షీట్‌లో బంతి విసిరే వాక్యం తీసేసి ఇప్పుడు దీన్నే పెట్టుకున్నాను, ఆమె అనుమతితోనే.

ఈ రెండూ కవలలు కావు

ఇక్కడ ఆమె ఒక మంచి ప్రశ్న అడిగింది. "ఫార్ నుంచి ఫార్దర్ వచ్చిందంటే అర్థమవుతోంది సార్. మరి ఫర్దర్ దేని నుంచి వచ్చింది?"

చాలామంది ఊహకి ఇది తలకిందులుగా ఉంటుంది. పాతది ఫర్దర్. ప్రాచీన ఇంగ్లిష్‌లోనే ఉంది, ముందుకు అనే అర్థమున్న ఫోర్త్ కుటుంబానికి చెందింది. అది ఫార్ నుంచి పుట్టింది కాదు. ఫార్‌కి సొంతంగా వేరే పోలిక రూపం (కంపేరటివ్) ఉండేది, ఫారర్ లాంటిది. అది క్రమంగా వాడుకలోంచి జారిపోయింది. ఆ ఖాళీలోకి ఫర్దర్ వచ్చి చేరింది. ఫార్ పక్కన మసలి మసలి దాని అచ్చు కూడా మారి, మధ్యయుగపు ఇంగ్లిష్‌లో ఫార్దర్ అనే ఇంకో రూపం తయారైంది. అంటే ఫార్దర్ అనేది ఫార్ బట్టలు తొడుక్కున్న ఫర్దరే.

1755లో నిఘంటువు వేసిన శామ్యూల్ జాన్సన్‌కి ఈ సంగతి తెలుసు. ఫార్ నుంచి ఫార్దర్ రావడానికి ఏ పద్ధతి ప్రకారమూ కుదరదని, అసలు ఫర్దర్ అనే రాయాలేమోనని ఆయన అందులో రాశాడు. జనం వినలేదు. తర్వాత చాలాకాలం రెండింటినీ ఇష్టమొచ్చినట్టు వాడుకున్నారు. 18, 19 శతాబ్దాల ఇంగ్లిష్ రాతల్లో మరిన్ని వివరాలు అనడానికి "ఫార్దర్ పర్టిక్యులర్స్" అని మామూలుగా కనిపిస్తుంది. దూరానికి ఒకటి, తీవ్రతకి ఒకటి అని పంచిపెట్టింది తర్వాతి తరాల వ్యాకరణ పుస్తకాలు. 1926లో ఫౌలర్ తన వాడుక నిఘంటువులో, రెండింటినీ వేర్వేరు సందర్భాలకు వాడేవాళ్లు దాదాపు లేరని, ఎక్కువమంది మొగ్గు ఫర్దర్ వైపేనని రాశాడు.

ఈ చరిత్ర ఎందుకు చెప్పానంటే, దీనివల్ల దిద్దే పద్ధతి మారుతుంది. రెండు మాటలూ సరిసమానంగా పంచుకున్న ఇల్లు కాదిది. ఇల్లంతా ఫర్దర్‌ది, అందులో ఒక గది ఫార్దర్‌ది. ఫర్దర్ ఆ గదిలోకి కూడా వెళ్లగలదు, దూరానికి ఫర్దర్ వాడినా చాలామంది తప్పనరు. ఫార్దర్ మాత్రం గది దాటి బయటికొస్తే ఇవాళ తప్పుగానే చదువుతారు. కాబట్టి రీప్లేస్ ఆల్ ఎటువైపు నొక్కాలనే ప్రశ్న వస్తే, ఆమె నొక్కిన దానికి సరిగ్గా వ్యతిరేకంగా నొక్కాలి. మొదటి డ్రాఫ్ట్, అంటే అన్నీ ఫర్దర్‌లున్నది, ఒక్క దీపం వాక్యం తప్ప మిగతాచోట్ల ప్రమాదం లేనిది. దిద్దుకున్నాకే పాడైంది. ఆ మాట చెబితే ఆమె కాసేపు ఏమీ అనలేదు.

పోలిక రూపాలు ఇలా వేషాలు మార్చడం ఇంగ్లిష్‌కి కొత్త కాదు. దగ్గర అనడానికి వాడే నియర్ కూడా ఒకప్పుడు పోలిక రూపమే, నై అనే మాటకి. నెక్స్ట్ దాని అత్యధిక రూపం. నియర్ తానే ఒక మామూలు మాటగా స్థిరపడ్డాక, దానిమీద మళ్లీ ఇంకో పోలిక కట్టి నియరర్ చేశారు. దూరానికీ అదే గతి, దగ్గరకీ అదే గతి.

నేను చేసిన తప్పు

17 సరిచేసి పంపాను. రెండు రోజులకు క్లయింట్ నుంచి మర్యాదగా ఒక మెయిల్ వచ్చింది. ఐదు చోట్ల ఫార్దర్ ఎందుకు వచ్చింది, మా మిగతా మాన్యువల్స్ అన్నిట్లో దూరానికి కూడా ఫర్దరే ఉంటుంది కదా అని.

మాన్యువల్ తిరగేశాను. మొదటి పేజీలోనే కలర్‌లో యూ అక్షరం ఉంది. దూరం కొలతగా వాడిన మీటర్ చివర ఆర్ఈ ఉంది. బ్రిటిష్ స్పెల్లింగ్. బ్రిటిష్ ఇంగ్లిష్‌లో దూరానికైనా ఫర్దర్ రాయడమే ఎక్కువ, ఫార్దర్ తప్పు కాదు కానీ తక్కువ కనిపిస్తుంది. ఈ విభజనని గట్టిగా పట్టుకునేది అమెరికన్ సంపాదకులు. అమెరికా వార్తాసంస్థ ఏపీ (అసోసియేటెడ్ ప్రెస్) శైలి పుస్తకంలో ఇది స్పష్టమైన నియమం: భౌతికమైన దూరానికి ఫార్దర్, కాలానికీ మోతాదుకీ ఫర్దర్. నేను ఏ గట్టున ఉన్నానో చూసుకోకుండా అవతలి గట్టు రూల్ పెట్టి దిద్దాను. ఎవరికోసం, ఏ స్పెల్లింగ్‌లో అని అడగడం నా చెక్‌లిస్ట్‌లో మొదటి ప్రశ్న. ఆ రోజు అడగలేదు.

ఫోన్లో ఇదంతా క్లయింట్‌కి వివరిస్తుంటే ఇంకో సంగతి గుర్తొచ్చింది. ఆర్‌ని పూర్తిగా పలకని దక్షిణ ఇంగ్లండ్ ఉచ్చారణలో ఫార్దర్, ఫాదర్ ఒకేలా వినిపిస్తాయి. ఆ మాన్యువల్‌కి ఆడియో వెర్షన్ కూడా చేయబోతున్నారు. దీపం నాన్నగారి దగ్గరికి జరగకుండా చూసుకోవాలంటే అక్కడైనా ఫర్దర్ ఉండటమే మేలు.

చివరికి రెండు వెర్షన్లు అయ్యాయి. బ్రిటిష్ కాపీలో ఫార్దర్ లేదు. అమెరికన్ కాపీలో ఐదు ఉన్నాయి, కాదు, నాలుగు. ఐదోది దీపం వాక్యం.

దీపం వాక్యం

ఆమె దాన్ని "డు నాట్ మూవ్ ద ల్యాంప్ ఎనీ ఫార్దర్" అని మార్చి, ఇప్పుడు సరిపోయిందా అని అడిగింది. రూల్ ప్రకారం సరిపోయింది. కానీ ఫార్దర్ ఎటువైపు? మీటరుకి దూరంగానా, ఎడమకా, బల్ల చివరికా? చివర దూరంగా అనే అర్థమిచ్చే ఇంగ్లిష్ మాట "అవే" చేర్చితే దిశ తెలుస్తుంది. చేర్చినా, ఫార్దర్‌కీ ఫర్దర్‌కీ తేడా పట్టించుకోని పాఠకుడు మళ్లీ ఇక అనే చదువుకునే అవకాశం ఎంతోకొంత ఉంది. రాసేవాడి మనసులో తేడా ఉంటే చాలదు, చదివేవాడి మనసులో కూడా ఉండాలి. ఒక్క అచ్చు మీద ఆధారపడి మనిషి చేత పరికరం కదిలించకూడదు.

అందుకని ఆ వాక్యాన్ని తీసేసి, దీపాన్ని మీటరుకు 2 మీటర్ల లోపే ఉంచండి, అంతకంటే దూరంలో ఉంటే దగ్గరికి జరపండి అని ఇంగ్లిష్‌లో రాశాం. రెండు వెర్షన్లలోనూ అదే. అందులో ఫార్దరూ లేదు, ఫర్దరూ లేదు. ఇన్ని రోజులు దేని గురించి తన్నుకున్నామో ఆ మాటే అక్కర్లేకుండా పోయిందని ఆమె నవ్వింది. నాకైతే ఈ కేసులో చేసిన అసలైన దిద్దుబాటు అదొక్కటే అనిపిస్తుంది.

ఆ మూడు

టేపుకి లొంగీ లొంగని మూడు వాక్యాలు ఇవి: నాబ్‌ని ఇంకొంచెం తిప్పండి, ప్లగ్‌ని ఇంకాస్త లోపలికి నెట్టండి, రెండు పేజీల అవతల పట్టిక చూడండి.

నాబ్ విషయంలో మేమిద్దరం వెంటనే ఒప్పుకున్నాం. తిప్పడం అనేది ఎంత మేరకు అన్న ప్రశ్న, ఎంత దూరం అన్నది కాదు. ఫర్దర్. ప్లగ్ దగ్గర వాదన అయింది. "2 మిల్లీమీటర్లు లోపలికి పోతుంది సార్, స్కేలు పెట్టి కొలవొచ్చు" అంది. కొలవొచ్చు, నిజమే. నా పరీక్ష ప్రకారమే ఫార్దర్ రావాలి. కానీ ఆ వాక్యం చదివే మనిషి దూరం గురించి ఆలోచించడు, గట్టిగా బిగిసిందా లేదా అని ఆలోచిస్తాడు. నేను ఫర్దర్ ఉంచాను, ఆమె ఒప్పుకోలేదు, చివరికి "ప్లగ్ టక్‌మనేదాకా నెట్టండి" అని రాసి తప్పించుకున్నాం.

పేజీల వాక్యం మాత్రం అలాగే ఉండిపోయింది. పేజీలు లెక్కపెట్టొచ్చు కానీ వాటి మధ్య నడవలేం. పుస్తకంలో ముందుకి పోవడం దూరమా, మోతాదా? జాగ్రత్తగా రాసే అమెరికన్లే ఇద్దరు రెండు రకాలుగా రాస్తారు. అమెరికన్ కాపీలో నేను ఫర్దర్ పెట్టాను. మొన్న ఆమె కొత్త మాన్యువల్ ఒకటి పంపింది, ఈసారి స్పీకర్లది. అందులోనూ సరిగ్గా అలాంటి వాక్యమే ఉంది, పక్కన మార్జిన్‌లో తెలుగులో నోట్: "సార్, ఇది ఇంకానా, అవతలా? నేను అవతల అనుకుని ఫార్దర్ పెట్టాను." దాన్ని దిద్దలేదు.